ముద్ద మందారానికి గింజ ఎందుకు కట్టదు?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది కడియం పక్కనే. కడియపులంకలో కొన్న ముద్ద మందారం నాలుగేళ్ల నుంచి విరగబూస్తోంది గానీ ఒక్క గింజ కట్టలేదండి. ఎరువు చాలట్లేదా?

జవాబు: ఎరువు లోపం కాదండి. రేపొద్దున ఓ పువ్వు కోసి లోపలి రేకులు ఒక్కోటీ విప్పి చూడండి, కొన్నిటి అంచున పసుపు పుప్పొడి తిత్తి అతుక్కుని ఉంటది, అంటే అది కేసరం, అదే పుప్పొడి మోసే కాడ, అవ్వబోయి రేకైపోయిందన్నమాట, నాకైతే ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. పువ్వులో ఏ వరస ఏమవ్వాలో చెప్పే జీన్లని ఎ, బి, సి అని మూడు గుంపులు చేస్తారు, 1991లో కోయెన్, మేయరోవిట్జ్ అనే శాస్త్రవేత్తలు ఈ లెక్క చెప్పారు. ఎ, బి కలిస్తే రేకు, బి, సి కలిస్తే కేసరం, సి ఒక్కటే అయితే నడిమధ్య గింజ కట్టే అండకోశం. సి పని తగ్గిందా, కేసరాల చోట రేకులొస్తాయి. పుప్పొడి తగ్గాక గింజెక్కడిదండీ? అసలు మన తోటల్లో ఒంటిరేకు మందారం కూడా గింజ కట్టేది చాలా తక్కువే, క్రోమోజోముల, అంటే జీన్లుండే పోగుల, సెట్లు ఎక్కువుండటం ఓ కారణం. అందుకే నర్సరీల్లో కొమ్మలే గుచ్చుతారు. మీరూ వానల్లో పెన్సిల్ లావు కొమ్మ గుచ్చండి, నీళ్లు మాత్రం నిలవకూడదు.