లెక్కలు వదిలేసినవాళ్లకి స్టాటిస్టిక్స్ వస్తుందా?

ప్రశ్న: మేడమ్, మాది నల్గొండ దగ్గర పల్లె. బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. లెక్కలంటే భయంతోనే ఇంటర్‌లో సీఈసీ తీసుకున్నాను. ఇప్పుడు బిజినెస్ స్టాటిస్టిక్స్ వచ్చిపడింది. సార్ బోర్డు మీద ఫార్ములా రాసి లెక్క చేస్తారు, మేం నోట్సులోకి ఎక్కించుకుంటాం. ఏమీ అర్థం కావడం లేదు. గైడులో నాలుగు మోడల్ లెక్కలు బట్టీ పడితే పాసైపోవచ్చని సీనియర్లు అంటున్నారు. అలా చేస్తే తర్వాత ఇబ్బందా? నాన్నకి కిరాణా కొట్టు ఉంది. నాకు సీఏ చేయాలని కోరిక.

జవాబు: పాసవుతావు అమ్మా, సీనియర్లు చెప్పింది అబద్ధం కాదు. కానీ నువ్వు చివర్లో రాసిన సీఏ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. సీఏలో మొదటి మెట్టు ఫౌండేషన్ పరీక్ష. అందులో మూడో పేపరు క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్. దాని 100 మార్కుల్లో 40 స్టాటిస్టిక్స్‌వే. సగటు, విచలనం (అంకెలు సగటుకి ఎంత దూరం చెదిరాయో), సహసంబంధం (రెండు విషయాలు ఎంతవరకు కలిసి పెరుగుతాయో, తగ్గుతాయో), సూచీ సంఖ్యలు (ధరల్లాంటివి ఎంత మారాయో చెప్పేవి), అంటే ఈ ఏడాది నీ ముందున్నవే అక్కడా ఉంటాయి. అవన్నీ ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, తప్పు రాస్తే పావు మార్కు పోతుంది. బట్టీ పట్టిన లెక్క అక్కడ అక్కరకు రాదు.

ఇంకో దారీ ఉంది, దాచను. బీకాంలో 55 శాతం తెచ్చుకుంటే ఫౌండేషన్ రాయకుండా నేరుగా సీఏ రెండో మెట్టు, ఇంటర్మీడియట్ దశకు వెళ్లొచ్చు. అప్పుడు ఈ పేపరు తప్పుతుంది. కానీ ఆడిటింగ్ తప్పదు కదా! వేల బిల్లులున్న కంపెనీలో ఆడిటరు ప్రతి బిల్లూ చూడలేడు, కొన్ని తీసి చూస్తాడు. ఎలా తీయాలో చెప్పడానికి ఎస్‌ఏ 530 అని ఒక ప్రమాణమే ఉంది. దాని పేరు ఆడిట్ శాంప్లింగ్. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తాం కదా, అదే పని. అయితే అడుగంటిన గిన్నెలో పైమెతుకు చూసి లాభం లేదు. పై కట్టలోని బిల్లులే చూసి సంతకం పెట్టే ఆడిటరుదీ అదే తప్పు. నువ్వు చేయాలనుకుంటున్న వృత్తికి ఈ ఆలోచన పునాది. అందుకే బట్టీ వద్దంటున్నాను.

ఇక భయం సంగతి. పదో తరగతి లెక్కల పుస్తకం ఇంట్లో ఉంటే తీసి చూడు. చివర్లో సాంఖ్యక శాస్త్రం అని పాఠం ఉంటుంది: సగటు, మధ్యగతం, బాహుళకం (ఎక్కువసార్లు వచ్చే అంకె). నువ్వు ఒకసారి దాటొచ్చిన గట్టే ఇది. ఇప్పుడు అదనంగా కావలసింది వర్గం, వర్గమూలం. అవి కాలిక్యులేటర్ చేసి పెడుతుంది. నిన్ను ఏడిపించిన త్రికోణమితి ఇందులో లేదు.

అసలు చిక్కేమిటంటే, ఆ అంకెలు ఎవరివో, ఎందుకు లెక్కిస్తున్నామో గైడు చెప్పదు. నాన్న కొట్టు నుంచి మొదలుపెడదాం. ఈ అంకెలు నేను ఊహించి రాస్తున్నవి. సోమవారం నుంచి ఆదివారం దాకా పాల ప్యాకెట్లు ఇలా పోయాయనుకో: 42, 38, 40, 41, 39, 40, 40. పెరుగు ప్యాకెట్లు ఇలా పోయాయి: 20, 25, 22, 23, 20, 80, 90. రెండూ కూడి చూడు, చెరి 280. ఏడుతో భాగిస్తే రెండింటి సగటూ 40. సగటు ఒక్కటే చూసి రోజూ 40 పెరుగు ప్యాకెట్లు తెప్పిస్తే ఏమవుతుంది? మంగళవారం 15 మిగిలి పులుస్తాయి, ఆదివారం బిర్యానీలోకి పెరుగుకొచ్చినవాళ్లు యాభై మంది ఉత్త చేతులతో వెనక్కి పోతారు. పెరుగు అంకెల్ని చిన్నది మొదలు వరుసగా పేర్చి మధ్యది చూడు, 23 వస్తుంది. మామూలు రోజు ఎలా ఉంటుందో ఆ మధ్యగతం చెప్పింది, సగటు చెప్పలేకపోయింది.

ఇప్పుడు స్టాండర్డ్ డీవియేషన్, తెలుగు మీడియం వాళ్లు క్రమ విచలనం అంటారు. ఒక్కో రోజు అంకె సగటుకి ఎంత దూరంలో ఉందో తీసి, వర్గం చేసి, కూడి, ఏడుతో భాగించి, వర్గమూలం తీయి. పాలకి సుమారు 1.2, పెరుగుకి 28.6 వస్తుంది. పాలు కళ్లు మూసుకుని తెప్పించొచ్చు, పెరుగు మాత్రం రోజు చూసుకుని తెప్పించాలి. ఫార్ములా చెప్పేది ఇంతే. దీన్ని ఒక్కసారి కాగితం మీద నీ చేత్తో పూర్తిగా చేయి. రెండోసారి నుంచి ఫార్ములా గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

ఆ తర్వాత ఒక అలవాటు చేసుకో. ప్రతి జవాబు కిందా దాని అర్థం తెలుగులో ఒక్క వాక్యం రాయి. వాక్యం రాకపోతే లెక్క రాలేదన్నట్టే. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో క్రమ విచలనం మైనస్‌లో వచ్చినా దాని కింద రెండు గీతలు గీసి ఇచ్చిన పేపర్లు చాలా చూశాను. క్రమ విచలనం ఎప్పుడూ మైనస్ రాదు. సగటు అన్నిటికంటే చిన్న అంకెకీ పెద్ద అంకెకీ మధ్యే ఉండాలి. సహసంబంధం ఎంతుందో చెప్పే అంకె, అంటే సహసంబంధ గుణకం, మైనస్ ఒకటి, ప్లస్ ఒకటి దాటిపోదు. ఈ మూడూ చూసుకుంటే పరీక్ష హాల్లో సగం పొరపాట్లు నీకే దొరుకుతాయి.

సహసంబంధం వచ్చినప్పుడు ఇంకొంచెం జాగ్రత్త. ఎండాకాలంలో మల్లెపూలు బాగా అమ్ముడుపోతాయి, కరెంటు బిల్లూ పెరుగుతుంది. గుణకం ఒకటికి దగ్గరగా వచ్చినా, మల్లెల వల్ల బిల్లు పెరిగిందనం కదా. రెండింటి వెనకా ఉన్నది ఎండ.

ఎక్సెల్ నేర్చుకో, కానీ చేత్తో చేశాకే. ఇక్కడ చాలామంది తడబడతారు: ఎక్సెల్‌లో క్రమ విచలనానికి ఎస్‌టీడీఈవీ.ఎస్ అనే ఫార్ములా వాడితే పెరుగుకి 28.6 బదులు 30.9 వస్తుంది. అది ఏడుతో కాకుండా ఆరుతో భాగిస్తుంది, ఎందుకంటే నీ దగ్గరున్నది మొత్తం కాదు, అందులోంచి తీసిన నమూనా అనుకుంటుంది. పుస్తకం జవాబు రావాలంటే ఎస్‌టీడీఈవీ.పి వాడాలి.

ఉద్యోగాల సంగతీ చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి డిగ్రీ చదివినవాళ్లు రాసే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టు ఉంది. ఇంటర్ లెక్కల్లో 60 శాతమైనా ఉండాలి, లేదా డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగానైనా ఉండాలి. మొదటి దారి నీకు లేదు. రెండోదానికి, నీ మెమోలో పేపరు పేరు ఎలా ఉందో, నోటిఫికేషన్లో అర్హత ఎలా రాశారో పక్కపక్కన పెట్టుకుని చూడు. అదే పరీక్షలోని స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ పోస్టుకి మాత్రం డిగ్రీ అన్ని సంవత్సరాల్లోనూ స్టాటిస్టిక్స్ చదివి ఉండాలి, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకు.

మీ సార్‌ని క్లాసు అయ్యాక ఒక్కటే అడుగు: "సార్, ఈ జవాబుని మాటల్లో చెప్పాలంటే ఎలా చెప్పాలి?" సంతోషంగా చెబుతారనే నా నమ్మకం. ఈ లోగా నాన్న పక్కన కూర్చుని రెండు వారాల పెరుగు లెక్క నిజంగా రాయి. ఆదివారానికి ఎన్ని తెప్పించాలో నువ్వు అనుకున్నదొకటి, నాన్న అనుభవంతో చెప్పేదొకటి పక్కపక్కన పెట్టి చూసి, ఎంత తేడా వచ్చిందో నాకు రాయి.