పాత పెయింటింగ్‌లు బాగుచేసే కోర్సుకి వెళ్తానంటోంది, పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది. బొమ్మలు బాగా వేస్తుంది. ఫ్రాన్స్‌లోని ట్రూవిల్ బీచ్ మీద అక్కడి చిత్రకారుడు మోనే వేసిన పాత ఆయిల్ పెయింటింగ్ గురించి ఎక్కడో చదివింది. ఇక ఎమ్మెస్సీ వద్దు, అలాంటి బొమ్మల్ని బాగుచేసే కోర్సు లండన్‌లో చేస్తానని పట్టుబట్టింది. మాకు టెన్షన్‌గా ఉంది. ఉద్యోగాలుంటాయా?

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ఈ పనికి కెమిస్ట్రీయే పునాది, కాబట్టి ఇప్పటిదాకా చదివింది ఎక్కడికీ పోదు. బొమ్మలు వేసేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు, పచ్చబడిన వార్నిష్‌ని దూదితో కరిగిస్తూ కింది రంగు జోలికి పోకుండా ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్లే దొరకరు.

ఆ ట్రూవిల్ బొమ్మ సంగతి నాకూ ఇష్టమే. 1870 వేసవిలో, పెళ్లయిన కొత్తలో, మోనే భార్యతో నార్మండీ తీరానికి వెళ్లినప్పుడు వేసింది. చిన్న బొమ్మ, అడ్డం నిలువు రెండూ అరమీటరు లోపే, ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దాని రంగులో ఇసుక రేణువులు, గవ్వ ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి, అంటే గాలికి ఇసుక ఎగిరి తడి రంగు మీద పడుతుంటే బీచ్‌లోనే కూర్చుని వేశాడన్నమాట. ఇక దాన్ని శుభ్రం చేయాల్సినవాళ్ల అవస్థ చూడండి, మురికి పోవాలి, ఇసుక మాత్రం పోకూడదు. ఈ ఉద్యోగమంటే ఇదే. పాడైనచోట మళ్లీ అందంగా రంగులు వేయడం అనుకుంటుంటే ఆ భ్రమ ఇప్పుడే వదిలించండి.

మరో ఫ్రెంచ్ చిత్రకారుడు రెన్వార్ 1883లో వేసిన ఒక పోర్ట్రెయిట్‌లో మనిషి వెనకాల వేసిన ఎర్రరంగు వెలుగు తగిలి దాదాపు వెలిసిపోయింది, ఫ్రేము చాటున ఉన్న అంచులో మాత్రం ఎర్రగా మిగిలింది. కొచినీల్ పురుగు నుంచి తీసిన ఎరుపు అలా వెలుస్తుందని తేల్చింది కెమిస్ట్రీయే. మీ అమ్మాయికి ఈ కథ చెప్పండి. కళ్లు మెరిస్తే సరే, బోర్ కొడితే ఈ లైన్ తనది కాదు.

మన దేశంలో మోనే బొమ్మలు చేతికి రావడం కష్టం. వచ్చేవి రవివర్మ కాలంనాటి తైలవర్ణాలు, జమీందార్ల పోర్ట్రెయిట్లు, మన ఉక్కపోతకి బూజు పట్టిన కాన్వాసులు. ఉద్యోగాలు తక్కువ, మొదట్లో జీతమూ అంతంతే, ఇది దాచను. మ్యూజియం ల్యాబుల్లో, కళా, సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే ఇన్‌టాక్ సంస్థవాళ్ల కన్జర్వేషన్ (పరిరక్షణ) సెంటర్లలో కొన్ని ఉంటాయి, చెయ్యి తిరిగాక సొంతంగా పనులు పట్టుకునేవాళ్లూ ఉన్నారు.

కాబట్టి లండన్ ఇప్పుడే వద్దు. అక్కడ కోర్టాల్డ్ అనే కళల విద్యాసంస్థలో ఈ చదువు మూడేళ్లు, ఫీజు, ఖర్చులు చూస్తే ఇల్లు తాకట్టు పెట్టే లెక్క. ముందు బీఎస్సీ పూర్తి చేయనివ్వండి, ఆర్గానిక్ కెమిస్ట్రీ గట్టిగా చదవమనండి. ఆ తర్వాత నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్ పీజీకి ప్రయత్నించమనండి. లక్నోలో సాంస్కృతిక సంపద పరిరక్షణకే ఒక జాతీయ పరిశోధనశాల ఉంది, అక్కడి శిక్షణలు కూడా చూడమనండి. ఈలోగా చేతి పని చూపించే పోర్ట్‌ఫోలియో, సొంత బొమ్మలు, రంగులు కలిపి సరిపోల్చిన నమూనాలు, అన్నీ తేదీలతో దాచుకోవాలి.

వచ్చే సెలవుల్లో హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లండి. యూరోపియన్ పెయింటింగ్స్ గదిలో ఒక గంట వదిలేయండి, మీరు వెళ్లి టీ తాగి రండి. తిరిగొచ్చేసరికి తను బొమ్మ చూస్తోందా, బొమ్మ మీది పగుళ్లు చూస్తోందా గమనించి నాకు రాయండి.