చదివినప్పుడు నచ్చాడు, వింటే నచ్చలేదు

ప్రశ్న: నాకెంతో ఇష్టమైన ప్రేమ నవలను ఈమధ్య ఆడియో పుస్తకంగా విన్నాను. చదివినప్పుడు మనసు దోచిన కథానాయకుడు వింటుంటే మొరటువాడిలా తోచాడు. సగంలోనే ఆపేశాను. పుస్తకం చదవని నా స్నేహితురాలు మాత్రం అదే ఆడియో విని కన్నీళ్ళు పెట్టుకుంది. నా అభిరుచి మారిపోయిందంటారా?

జవాబు: మారలేదు. మీకు నచ్చనిది ఆ గొంతు, కథ కాదు. పుస్తకంలో ‘‘వెళ్ళు’’ అన్నాడతను అని మాత్రమే ఉంటుంది. ఎలా అన్నాడో కాగితం చెప్పదు. ఉండిపొమ్మని అడగలేక అన్నాడని మీరు అనుకుని ఉంటారు, అతని గొంతులోని వణుకును మీరే ఊహించుకుని ఉంటారు. ఆడియోలో చదివేవారికి ఆ వెసులుబాటు లేదు. ఆ మాటను ఏదో ఒక స్వరంలో పలికి తీరాలి. విసురుగా పలికితే చాలు, మీ నాయకుడు కోపిష్టి అయిపోతాడు. ప్రేమకథల్లో సంభాషణలు చాలావరకు ఇలాంటివే. పైకి అనేది ఒకటి, లోపల ఉన్నది మరొకటి. అందుకే వీటిలో గొంతు కుదరకపోతే జరిగే నష్టం అంతా ఇంతా కాదు.

మీ స్నేహితురాలికి ఈ చిక్కు లేదు. ఆమె అతన్ని మొదటిసారి కలిసిందే ఆ గొంతులో. పోల్చుకోవడానికి ఆమె మనసులో వేరే మనిషి లేడు.

ఇంకో సంగతి. కంటికి ఉన్న స్వేచ్ఛ చెవికి లేదు. చదివేటప్పుడు వర్ణనలను గబగబా దాటేసి, అతను మనసు విప్పిన పేరా దగ్గర ఆగిపోతాం, దాన్నే మళ్ళీ చదువుతాం. ఆడియోలో రెండూ దాదాపు ఒకే నడకతో సాగిపోతాయి. ఇంగ్లీషు ఆడియో పుస్తకాలైతే సాధారణంగా నిమిషానికి 150 నుంచి 160 మాటల వేగంతో నడుస్తాయి. దాన్ని ఒకటిన్నర రెట్లకు పెంచి వినేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆమె అడిగిన ప్రశ్నకూ అతని జవాబుకూ మధ్య ఉన్న మౌనం కూడా కథలో భాగమే. వేగం పెంచితే ముందు నలిగిపోయేది అదే.

ఈసారి కొనేముందు మొదటి పేజీల నమూనాతో సరిపెట్టుకోకండి. అక్కడ ఎక్కువగా కథనమే ఉంటుంది. కుదిరితే ఇద్దరూ పోట్లాడుకునే ఘట్టం వినండి. ఒకే వ్యక్తి ఇద్దరి మాటలూ చదువుతున్నప్పుడు, గొంతు బొంగురు చేయకుండా కాస్త నిదానించి మగవాడి మాట పలికే స్త్రీలు ఉన్నారు. అలాంటి వారిని వదులుకోకండి.

ప్రశ్న: వింటే చదివినట్టేనా?

జవాబు: ముమ్మాటికీ. 1930ల నుంచి చూపులేని పాఠకుల కోసం పుస్తకాలను గ్రామఫోను రికార్డుల మీదకు ఎక్కించారు. వారు పుస్తకాలు చదవలేదని అనగలమా?

ప్రశ్న: నవల చివరి పేజీలు ముందే చదివి, ఇద్దరూ కలుస్తారని తెలిశాకే మొదలుపెడతాను. ముగింపు తెలిశాక ఇంకేం మిగిలిందని ఇంట్లో అందరూ నవ్వుతారు.

జవాబు: నవ్వనివ్వండి. ప్రేమ నవలలు చదివే స్త్రీలతో మాట్లాడి అమెరికన్ పరిశోధకురాలు జానిస్ రాడ్వే 1984లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆ పాఠకుల్లోనూ మీలాగే ముందు ముగింపు చూసుకునేవారు ఉన్నారు. సుఖాంతం తప్పనిసరి అన్నది వారి మాట. చదువుకునే ఆ కాసేపు ఇంటి బాధ్యతల నుంచి తమకు దొరికే సొంత సమయమని కూడా చెప్పారు. అలాంటి సమయాన్ని దుఃఖాంతానికి ఎందుకు అప్పగించాలి? కలుస్తారా లేదా అన్న బెంగ తీరితే, ఎలా కలుస్తారన్న దాని మీదే మనసు నిలుస్తుంది. అతను ఉత్తరం రాసి చించేసినా, ఆమె గుమ్మందాకా వచ్చి వెనుదిరిగినా, కంగారు లేకుండా ప్రతి వాక్యాన్నీ ఆస్వాదించవచ్చు. ఆడియోలోనూ ఇది కుదురుతుంది. చివరి అధ్యాయానికి వెళ్ళి కాసేపు విని, మళ్ళీ మొదటికి రండి. నేనూ అలాగే వింటాను.