గుమ్మం బయట స్వస్తిక్ వేసుకోవడం మా హక్కు కాదా? ఎదురింటివాళ్లు బాధపడితే తీసేయాలా?

గృహప్రవేశం రోజు కారిడార్‌లో మీ గుమ్మం పక్క గోడ మీద కుంకుమతో స్వస్తిక్ వేశారు. ఎదురు ఫ్లాట్‌లోని యూదు కుటుంబం తీసేయమంది. ఇవాళ దీనికి ఒప్పుకుంటే రేపు ఇంకోటి అడుగుతారని మీ అమ్మగారు అంటున్నారు. ఇదీ మీరు రాసింది.

మీరు అమెరికాలో ఉన్నారు కాబట్టి హక్కు సంగతి ముందే చెప్పేస్తాను. 1977లో నాజీ పార్టీ పేరు పెట్టుకున్న ఒక గుంపు షికాగో పక్కనున్న స్కోకీలో, హిట్లర్ నాజీలు వాడుకున్న స్వస్తిక్ గుర్తుతో ఊరేగుతామంది. యూదుల్ని చంపిన హిట్లర్ క్యాంపుల నుంచి బతికి బయటపడ్డవాళ్లు ఎందరో ఉన్న ఊరది. అయినా చివరికి కోర్టులు ఆ గుంపు వైపే తీర్పిచ్చాయి. ద్వేషంతో పట్టుకున్నవాళ్లనే చట్టం ఆపలేదంటే, పూజ చేసి వేసుకున్న మిమ్మల్ని ప్రభుత్వం వచ్చి ఏమీ అనదు. కానీ మీ సమస్య ప్రభుత్వంతో కాదు కదా, రోజూ లిఫ్టులో ఎదురుపడే మనుషులతో.

నాకు ఇది 2019లో మెల్‌బోర్న్‌లో ఎదురైంది. యూదులు ఎక్కువగా ఉండే కాల్‌ఫీల్డ్‌లో అద్దెకుండేవాళ్లం. సెకండ్ హ్యాండ్‌లో తెల్ల కారు కొని, కారమ్ డౌన్స్‌లోని శివవిష్ణు ఆలయంలో పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపుతో పెద్ద స్వస్తిక్, నాలుగు గదుల్లో కుంకుమ బొట్లు. తెచ్చి అందరి కార్లూ ఉండే చోటే పెట్టాం.

మర్నాడు పొద్దున కిందికి దిగేసరికి పక్క యూనిట్ పెద్దావిడ కారు ముందు నిలబడి ఉన్నారు. ఎనభై దాటి ఉంటాయి. పాల డబ్బాను రెండు చేతులతో ఛాతీకి అదిమి పట్టుకున్నారు. "ఇది ఎవరు వేశారు?" అని అడిగారు. గొంతులో కోపం లేదు.

నేను వెంటనే పాఠం మొదలుపెట్టాను. ఇది వేల ఏళ్ల నాటిది, 'స్వస్తి' అంటే శుభం, నాజీలు 1920లో వాడుకున్నారు, వాళ్లది ఏటవాలుగా తిరిగి ఉంటుంది, తెల్ల వృత్తంలో నల్లగా ఉంటుంది అని. అన్నీ నిజాలే. ఆవిడ పూర్తిగా విన్నారు. తర్వాత "మా అమ్మను తీసుకెళ్లినవాళ్ల చేతి పట్టీ మీద ఇదే ఉంది" అని, నెమ్మదిగా మెట్లెక్కి వెళ్లిపోయారు.

మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్లి తడిగుడ్డ తెచ్చింది. ఆ క్షణంలో నాకు ఆమె మీదే కోపం వచ్చింది. మనమేం తప్పు చేశామని తుడవాలి? పసుపు ఓ పట్టాన పోలేదు, రెండు వారాలు ఆ మరక కనబడుతూనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నా కోపం కొంచెం కొంచెం తగ్గింది. నాకు స్వస్తిక్ ఇంకా కలశం మీద ఉంది, దేవుడి గదిలో ఉంది, 'స్వస్తిశ్రీ' అని మొదలయ్యే మా పెళ్లి శుభలేఖలో ఉంది. ఒక్క బానెట్ మీద తుడిస్తే అది నాకు తగ్గిపోదు. ఆవిడకు మాత్రం ఆ చేతి పట్టీని మర్చిపోయే దారి లేదు.

అలాగని మన గుర్తును చెడ్డదని ఒప్పుకోమని నేను అనను. దాన్ని కాపాడుకోవాలి, గట్టిగానే మాట్లాడాలి. 2022లో మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం నాజీ గుర్తును బహిరంగంగా ప్రదర్శించడం నేరం చేసింది, ఏడాది దాకా జైలు. అదే చట్టంలో హిందువులు, బౌద్ధులు, జైనులు భక్తితో వాడే స్వస్తిక్‌కు మినహాయింపు కూడా రాశారు. 2008లో జెరూసలేంలో హిందూ ధర్మాచార్యులు, యూదు మతపెద్దలు సమావేశమై, స్వస్తిక్ హిందువులకు ప్రాచీనమైన శుభచిహ్నమని ప్రకటనలో రాసుకున్నారు. మీ ఎదురింటివాళ్లకు ఇది తప్పకుండా చెప్పండి. కాకపోతే మొదటి మాటగా చెప్పకండి, నేను చేసిన పొరపాటు అదే.

ముందు వాళ్ల తలుపు కొట్టి, అది చూస్తే మీకు ఏం గుర్తొస్తుందని అడగండి. పూర్తిగా వినండి. తర్వాత మనకు అది ఏమిటో చెప్పండి. ఆ మాటలయ్యాక వాళ్లే ఉంచుకోమనొచ్చు. ఇంకా బాధపడుతుంటే గోడ మీది స్వస్తిక్‌ను గుమ్మం లోపలి వైపుకు మార్చండి. కారిడార్ వాళ్లది కూడా. కానీ ఇంట్లో దేవుడి గదిలోది తీయమంటే మాత్రం కుదరదని మర్యాదగా చెప్పేయండి.

ఇక మీ అమ్మగారి మాట. మా అమ్మ కూడా తెనాలి నుంచి ఫోన్‌లో "భయపడి తుడిచేశావా నాయనా?" అని అడిగింది. భయపడి కాదమ్మా, ఆవిడ ముఖం చూసి తుడిచాం అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. ఆ యూనిట్‌లో మేం ఇంకో రెండేళ్లు ఉన్నాం. దీపావళికి గుమ్మం బయట దీపాలు పెట్టాం, సంక్రాంతికి పెద్ద ముగ్గు వేశాం. ఆవిడ ఇంకేదీ అడగలేదు. చేతికర్ర ఆనించుకుంటూ, ముగ్గు తొక్కకుండా గోడ పక్కనుంచి నడిచి వెళ్లేవారు.