కణాల్లో వేడి పుట్టించే చికిత్స కోసం రేడియేషన్ ఆపవచ్చా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లె. మా నాన్నగారి వయసు 58. బుగ్గ లోపల క్యాన్సర్ వస్తే చెన్నైలో ఆపరేషన్ చేసి, దవడకు ప్లేటు వేసి, ఛాతీ నుంచి కండ తెచ్చి అతికించారు. నాలుగు వారాలైంది. ఇప్పుడు ఆరు వారాల రేడియేషన్, వారానికోసారి కీమో పెట్టాలంటున్నారు. క్యాన్సర్ కణాల లోపలే వేడి పుట్టించి చంపే చికిత్స ఉందని ఒక వీడియోలో చూశాం. అది దొరికేవరకు రేడియేషన్ ఆపవచ్చా? ఈలోగా ఉప్పు కాపడం పెట్టమని, ఒంట్లో వేడి పుట్టించే మాత్రలు వాడమని బంధువులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా గడువు గురించి చెప్పాలి. నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ తర్వాత ఇచ్చే రేడియేషన్ ఆరు వారాల లోపు మొదలు కావాలి. మీ నాన్నగారికి అందులో నాలుగు గడిచిపోయాయి. మీరు అడిగిన చికిత్స ఎంత మంచిదైనా దాని కోసం రేడియేషన్‌ను వాయిదా వేయడానికి వీల్లేదు. ఆలస్యమైతే ఆపరేషన్‌లో కంటికి కనిపించకుండా మిగిలిపోయిన కణాలు మళ్ళీ పెరగడానికి మనమే సమయం ఇచ్చినట్టవుతుంది.

అయితే మీరు చూసినది కట్టుకథ కాదు. వేడికి క్యాన్సర్ కణం లొంగుతుందన్న సంగతి వైద్యులకు చాలాకాలంగా తెలుసు. ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు నిలిస్తే కణంలోని ప్రోటీన్ల ఆకృతి చెడిపోతుంది, రేడియేషన్ వల్ల తెగిన డీఎన్‌ఏను అతికించుకునే శక్తి తగ్గుతుంది. కణితిలోని రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి ఉంటాయి కాబట్టి, మామూలు కండరంలో లాగా రక్తం ఆ వేడిని త్వరగా మోసుకుపోలేదు. పైగా ప్రాణవాయువు సరిగా అందని కణాలు రేడియేషన్‌కు మొండికేస్తాయి గాని వేడికి తట్టుకోలేవు. అందుకే ఈ రెండూ కలిస్తే బలం. నెదర్లాండ్స్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరిన స్త్రీలపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2000లో వెలువడ్డాయి. రేడియేషన్ మాత్రమే తీసుకున్నవారిలో మూడేళ్ళ తర్వాత 27 శాతం మంది జీవించి ఉండగా, వేడిని కూడా జోడించినవారిలో 51 శాతం మంది ఉన్నారు. ఇక్కడ గమనించవలసింది, వేడి రేడియేషన్‌కు తోడుగా వచ్చిందే తప్ప దాని స్థానంలో రాలేదు.

కణం లోపలే వేడి పుట్టించడమన్నది దీనికి తర్వాతి మెట్టు. ఐరన్ ఆక్సైడ్‌తో చేసిన, కంటికి కనిపించనంత చిన్న రేణువులను కణితిలోకి ఎక్కిస్తారు. కొన్నింటిని కణాలే మింగేస్తాయి. తర్వాత రోగిని సెకనుకు సుమారు లక్షసార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, ఆ రేణువుల అయస్కాంతత్వం కూడా అటూ ఇటూ తిరుగుతూ వేడిగా మారుతుంది. ఈ ఆలోచన 1957 నాటిది. జర్మనీలో గ్లయోబ్లాస్టోమా అనే మెదడు కణితికి దీన్ని రేడియేషన్‌తో కలిపి ప్రయోగించారు. ఆ రోగుల పళ్ళలోని లోహపు క్యాప్‌లు, ఫిల్లింగులు ముందే తీయించవలసి వచ్చింది, ఎందుకంటే ఆ క్షేత్రంలో లోహం కూడా కాగుతుంది. మీ నాన్నగారి దవడలో ప్లేటే ఉంది. పైగా ఆయన కణితిని ఇప్పటికే తీసేశారు. మిగిలి ఉండే అవకాశమున్నవి చెదురుమదురు కణాలు, వాటిలోకి గురిచూసి రేణువులను ఎక్కించే మార్గం లేదు. అందువల్ల ఈ పద్ధతి నోటి క్యాన్సర్‌కు మామూలు చికిత్సగా ఎక్కడా ఇవ్వడం లేదు.

ఇక కాపడం. మీ ప్రాంతంలో పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా థర్మామీటరు చూస్తూ కూర్చునేవారికి కొన్ని డిగ్రీల తేడా ఆకును ఏం చేస్తుందో తెలుసు. కణం విషయంలో లెక్క ఇంకా సున్నితం. వేడి చాలకపోతే కణం చావదు సరికదా, తనను కాపాడుకునే ప్రోటీన్లను తయారుచేసుకుని ఒకటి రెండు రోజులు వేడికి మొండిగా మారుతుంది. ఆసుపత్రిలో కూడా ఈ చికిత్సను రోజూ ఇవ్వకుండా వారానికి ఒకటి రెండుసార్లే ఇచ్చేది అందుకే. ఉప్పు మూట వేడి చర్మం దగ్గరే ఆగిపోతుంది, లోతుకు 42 డిగ్రీలు చేరదు.

చర్మానికి మాత్రం ముప్పు ఉంది. ఛాతీ నుంచి తెచ్చి అతికించిన కండకు స్పర్శ తెలియదు. ఇలాంటి ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన ఒకసారి నా దగ్గరికి వచ్చారు. చెంప మీద మూట గుడ్డ నేత అచ్చులా పడి, చర్మం బొబ్బలెక్కి ఊడిపోతోంది. ఆయనకు కాలిన సంగతే తెలియలేదు, వాసన పట్టి కోడలు చూసింది. ఆ పుండు మానేదాకా రేడియేషన్ మొదలుపెట్టలేకపోయాం. ఆ మూడు వారాలు నన్ను ఇప్పటికీ బాధిస్తాయి. దయచేసి ఉప్పు గాని, ఇసుక గాని, వేడినీళ్ళ సంచి గాని ఆ చెంపకు తాకించకండి.

మాత్రల మాట అసలే వద్దు. ఒంట్లోని ప్రతి కణంలోనూ వేడి పుట్టించే మందు ఒకటి నిజంగానే ఉంది, పేరు డైనైట్రోఫెనాల్. 1930లలో అమెరికాలో బరువు తగ్గడానికి అమ్మారు. కొందరు ఒళ్ళు కాగిపోయి చనిపోయారు, కొందరికి కంటిలో శుక్లాలు వచ్చాయి. 1938 నాటికి దాన్ని నిషేధించారు. క్యాన్సర్ కణాన్ని, గుండె కణాన్ని వేరుచేసి కాల్చడం ఏ మాత్రకూ తెలియదు.

రేపే చెన్నై ఆసుపత్రికి ఫోన్ చేసి, రేడియేషన్ ఎక్కడ పడాలో ముందుగా నిర్ణయించే ప్లానింగ్ స్కాన్‌కు తేదీ తీసుకోండి. ఆరు వారాలు అక్కడ ఉండడం కష్టమైతే ఒంగోలు, నెల్లూరు, తిరుపతిలో దగ్గరైన కేంద్రాన్ని వాళ్ళనే అడగండి. బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ నోట్సు వెంట ఉంచుకోండి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని పథకం కౌంటరులో ముందే కనుక్కోండి. రేడియేషన్‌కు ముందు దంతవైద్యుడికి తప్పక చూపించాలి, తీయవలసిన పన్ను ఉంటే ఇప్పుడే తీయించాలి. చికిత్స తర్వాత పన్ను పీకితే ఎముక మానకపోవచ్చు. నాన్నగారు ఇంకా పొగాకు నములుతూ ఉంటే, ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకండి.