మంచులోని జింకలకు మేత పెట్టే ముందు

సీతమ్మధార, విశాఖపట్నం

చిరంజీవి శైలజకు పెదనాన్న ఆశీస్సులు.

మిన్నెసోటాలో మీ పెరటి వెనుక సాయంత్రాలు వచ్చి నిలబడే జింకల ఫొటోలు చూశాను. అవి బక్కచిక్కిపోయాయని, ఒక బస్తా మొక్కజొన్న తెచ్చి పోద్దామనుకుంటున్నానని రాశావు. పశువైద్యుడిగా నా మాట అడిగావు కనుక ముందే చెబుతున్నాను, ఆ బస్తా కొనవద్దు. నీ జాలి మంచిదే, కాని అది వాటికి మేలు చేయాలంటే చలికాలాన్ని అవి ఎలా గట్టెక్కుతాయో నువ్వు తెలుసుకోవాలి.

మన కంబాలకొండ దుప్పులకు, కణుజులకు గడ్డుకాలం వేసవి. నీటిగుంటలు ఎండి, పచ్చిక మాడిపోయినప్పుడే వాటికి ఇబ్బంది. మార్గశిరపు చలి వాటినేమీ చేయదు. మీ తెల్లతోక జింక సంగతి అలా కాదు. శరత్కాలంలోనే అది ఓక్ కాయలూ, దొరికిన మేతా కడుపారా తిని ఒంట్లో కొవ్వు దాచుకుంటుంది. ఎర్రటి వేసవి బొచ్చు రాలిపోయి, బూడిదరంగు కలిసిన దట్టమైన బొచ్చు వస్తుంది. దాని పై వెంట్రుకలు లోపల బోలుగా ఉంటాయి, అడుగున ఉన్నిలాంటి నూగు ఉంటుంది. ఈసారి ఒక జింక కాళ్లు ముడుచుకొని పడుకున్నప్పుడు కిటికీలోంచి దాని వీపు చూడు, మీద పడిన మంచు కరగకుండా అలాగే ఉంటుంది. ఒంటి వేడి బయటికి పోవడం లేదన్నమాట.

అన్నిటికన్నా దాన్ని కాపాడేది పొదుపు. చలికాలంలో జింక తక్కువ తిరుగుతుంది, తక్కువ తింటుంది. ఆవరణల్లో పెంచే జింకలు సైతం ఎదురుగా కావలసినంత మేత ఉన్నా ఆ నెలల్లో తిండి తగ్గించుకుంటాయి. మంచు మోకాలు దాటితే అవి సెడార్, ఫర్ వంటి చెట్ల గుబుర్లలోకి చేరి, ఒకదాని అడుగుల్లో ఒకటి నడిచి బాటలు చేసుకుంటాయి. ఆ చెట్ల కింద మంచూ తక్కువే, గాలీ తక్కువే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద జింక వసంతం వచ్చేసరికి తన బరువులో ఐదో వంతు కోల్పోయినా బతుకుతుంది. కనుక బక్కచిక్కడాన్ని జబ్బుగా భావించకు.

ఇక మొక్కజొన్న సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రమాదమంతా అక్కడే ఉంది. జింక కూడా ఆవులా నెమరువేసే జంతువు. దాని పొట్టలోని సూక్ష్మజీవులు చలికాలంలో కొమ్మలను, మొగ్గలను, బెరడును అరిగించడానికి అలవాటుపడి ఉంటాయి. కొత్త మేతకు అవి సర్దుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అంతలోనే గింజలు కడుపునిండా పడితే, ఆ పిండిపదార్థం ఒక్కసారిగా పులిసి లాక్టిక్ ఆమ్లమవుతుంది, పొట్ట గోడ దెబ్బతింటుంది, రక్తంలోని నీరు పొట్టలోకి లాగబడుతుంది. ధాన్యపు కొట్టులో దూరి మేసిన ఆవును చూసినవారికి ఇది తెలుసు: ఎడమ డొక్క ఉబ్బి, కదిపితే లోపల నీళ్లు చప్పుడవుతాయి, పేడ పుల్లటి వాసన వేస్తుంది, నడిస్తే కాళ్లు తడబడతాయి. ఆవుకైతే వైద్యుడు వస్తాడు. అడవి జింక ఒకటి నుంచి మూడు రోజుల్లో, పొట్ట నిండా మేత ఉండగానే ప్రాణం వదులుతుంది. మన జంతుప్రదర్శనశాలలో జింకలకు మేత వేయడం చూసి పెరిగినదానివి నువ్వు. అక్కడ ఏడాది పొడవునా కొలత ప్రకారం వేస్తారు, కాబట్టి వాటి పొట్టలు దానికి అలవాటుపడి ఉంటాయి.

మేత కుప్ప దగ్గర ఇంకో ముప్పు ఉంది. బలమైనవి ముందు నిలబడి, పిల్లలను తరిమేస్తాయి. అన్నీ ఒకేచోట మూతులు పెట్టడంతో జబ్బులు పాకుతాయి. జింకలను కృశింపజేసి చంపే వ్యాధి ఒకటి 1967లో కొలరాడోలో మొదట కనిపించింది, ఇప్పుడు మీ రాష్ట్రంలోనూ ఉంది. లాలాజలం, మూత్రం, పేడ ద్వారా అది వ్యాపిస్తుంది, నేలలో ఏళ్ల తరబడి నిలుస్తుంది, దానికి మందు లేదు. ఆ కారణంగానే మీ దగ్గర కొన్ని కౌంటీలలో జింకలకు మేత పెట్టడం నిషిద్ధం.

నువ్వు చేయగలిగినవి చెబుతాను. కుక్కను గొలుసు లేకుండా పెరట్లోకి వదలవద్దు. లోతైన మంచులో ఒక్కసారి బెదిరి పరుగెత్తినా, దాచుకున్న కొవ్వులో కొంత వృథా అవుతుంది. ఫొటోల కోసం దగ్గరకు వెళ్లవద్దు. పెరటి చివరి సెడార్ చెట్లను కొట్టించాలని అల్లుడుగారు అనుకుంటుంటే, నా మాటగా వద్దని చెప్పు. తెల్లవారుజామున, సంధ్యవేళ ఆ దారిలో కారు నెమ్మదిగా నడపండి.

మార్చి, ఏప్రిల్ నెలలు అసలైన పరీక్ష. కొవ్వు అప్పటికి అడుగంటుతుంది, కొత్త చిగురు ఇంకా రాదు. మొదటి చలికాలం చూస్తున్న పిల్లలు తిన్నదంతా ఎదుగుదలకే ఖర్చుచేస్తాయి కనుక వాటి దగ్గర నిల్వ తక్కువ, ఎక్కువగా చనిపోయేవి అవే. అలాంటిది నీ కంటపడితే నీకు బాధ కలుగుతుందని తెలుసు, అప్పుడు కూడా బస్తా జోలికి పోకు. చొంగ కారుస్తూనో, తూలుతూనో, మనిషిని చూసినా బెదరకుండానో ఏ జింకైనా కనిపిస్తే, దాన్ని ముట్టుకోకుండా మీ రాష్ట్ర సహజ వనరుల శాఖకు ఫోన్ చేయి.

ఇట్లు,
మీ పెదనాన్న