పెళ్లి ఫోటోల్లో ముఖం రంగూ మెడ రంగూ కలవకపోతే

పెళ్లికూతురి ఫోటోలో ముఖం ఎర్రగా, మెడ పసుపుపచ్చగా, చేతులు వేరే ఛాయలో వచ్చాయనీ, చర్మాన్ని నునుపు చేసే ఫిల్టర్ వాడినా తేడా పోలేదనీ మీరు రాశారు. ఆ ఫిల్టర్ చర్మపు గరుకుదనాన్ని తగ్గిస్తుందే తప్ప పెద్ద భాగాల మధ్య ఉన్న రంగు తేడాను తాకదు. పెళ్లి ఆల్బమ్‌ల పని చేసే నేను ఏ ఫోటో తెరిచినా, తెలుపు (వైట్ బ్యాలెన్స్) సరిచేసుకున్నాక, తేడా రంగులో ఉందా వెలుగులో ఉందా అన్నది మొదట తేల్చుకుంటాను.

అందుకు ఫోటోషాప్‌లో అన్నిటికన్నా పైన బూడిద రంగు నింపిన లేయర్ (ఫోటో మీద పరిచే పొర) పెట్టి, దాని బ్లెండ్ మోడ్‌ను, అంటే కింది పొరతో కలిసే తీరును, ‘కలర్’కు మార్చండి. నలుపు తెలుపుల్లో కనిపించే ఆ ఫోటోలో వేరే ఛాయలో ఉన్న భాగం పక్కదానితో కలిసిపోతే తేడా కేవలం రంగుది, మిగిలితే వెలుగుది. బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ మాత్రం ఇక్కడ వాడకండి. అది ఒక్కో రంగును ఒక్కో పాళ్లలో వెలిగిస్తుంది కనుక లెక్క తప్పుతుంది. మంగళస్నానం తర్వాత మెడ మీద మిగిలే పసుపు ఛాయ ఈ పరీక్షలో చాలావరకు కనిపించకుండా పోతుంది.

రంగు తేడాకు, రంగునూ (హ్యూ) దాని గాఢతనూ మార్చే హ్యూ/శాచురేషన్ లేయర్ వేసి, ‘రెడ్స్’ (ఎరుపులు) ఎంచుకుని, రంగును ఎంచే ఐడ్రాపర్‌తో ఎర్రబడిన చోట నొక్కండి. హ్యూను ఒకసారి చివరిదాకా జరిపితే ఏ భాగాలు మారుతున్నాయో వింత రంగులో స్పష్టంగా తెలుస్తుంది. కింది స్లైడర్లతో ఆ పరిధిని కుదించి, హ్యూను మళ్లీ సున్నాకు తెచ్చి, అక్కడి నుంచి నాలుగైదు అంకెలు కుడివైపు జరిపితే ఎరుపు తగ్గుతుంది. పసుపు ఛాయకైతే ‘యెల్లోస్’ ఎంచుకుని ఎడమవైపు జరపాలి. బొట్టు, పెదవులు, చీర అంచు కూడా వీటితో పాటే మారిపోతాయి కాబట్టి లేయర్ ఎక్కడ పనిచేయాలో తేల్చే మాస్క్‌ను నల్లగా చేసి (నల్లగా ఉన్న చోట మార్పు కనిపించదు), పది శాతం ఫ్లో (రంగు పడే జోరు) ఉన్న మెత్తని తెల్ల బ్రష్‌తో అవసరమైన చోట మాత్రమే పూయండి.

వెలుగు తేడాకు, వెలుగునీడలను పెంచి తగ్గించే కర్వ్స్ లేయర్‌ను ‘లూమినాసిటీ’ బ్లెండ్ మోడ్‌లో వాడితే రంగు చెదరదు.

అయితే మెడను పూర్తిగా ముఖంతో సమం చేయకండి. దవడ కింద సహజంగానే నీడ పడుతుంది, దాన్ని చెరిపేస్తే తల వేరే ఫోటో నుంచి అతికించినట్టు ఉంటుంది. అందుకే నేను పని పూర్తయ్యాక ఆ లేయర్ల ఒపాసిటీని (ప్రభావం ఎంత కనిపించాలన్నది) డెబ్బై శాతం దగ్గరకు దించుతాను. ఇంటివాళ్లు ‘కాస్త తెల్లగా చేయండి’ అంటారు, అది మామూలే. కానీ అది వేరే పని, రంగు కలపడంతో దాన్ని ముడిపెట్టకండి. ముఖానికి మేకప్ ఎక్కువై తెల్లబడిన ఫోటోల్లో నేను మెడను, చేతులను వదిలేసి ముఖాన్నే వాటి ఛాయకు దించుతాను.